కాంతక్క అరువిచ్చిన పేరు

ఇప్పుడు పొద్దున్నే ఒక్క గ్లాసు చాయే పెడుతున్నాను. పోయిన చెరకు కోతల దాకా రెండు పెట్టేదాన్ని. మా ఆయన ఎండెక్కాక లేస్తాడు, ఆయన చాయ్ వేరు. ముందు పెట్టే రెండు గ్లాసులు కాంతక్కకీ నాకూ. నేను పొయ్యి వెలిగిస్తే ఆవిడకి ఎలా తెలిసేదో, గుప్పెడు నిమ్మగడ్డి కోసుకుని వచ్చి మా వంటింటి గడప మీద కూర్చునేది. "చక్కెర తగ్గించవే, మిల్లులో ఆడిందంతా నువ్వే ఖర్చు చేసేట్టున్నావు" అనేది. రోజూ అదే మాట. రోజూ నేను నవ్వేదాన్ని. ఇప్పుడు కోసేవాళ్ళు లేక ఆ నిమ్మగడ్డి దుబ్బు నడుమెత్తు పెరిగిపోయింది.

కాంతక్క నాకు తోడికోడలు. మా బావగారు యోగేంద్ర గారి భార్య. ఆయన తమ్ముడు మా ఆయన. మా ఇళ్ళల్లో ఆడది మొగుడి పేరు నోటితో అనకూడదు. రాస్తే తప్పు లేదనుకుని రాస్తున్నాను, పోతయ్య. నవాకాలో మా మామగారు అప్పలస్వామి లీజుకి తీసుకున్న భూమిలో, ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు రేకుల ఇళ్ళు. ఒకటి వాళ్ళది, ఒకటి మాది. ఫీజీకి స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు నేను కాపురానికి వచ్చాను. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి అత్త కోపం దాకా అన్నీ నాకు నేర్పింది కాంతక్కే.

బావగారు నాందీ టౌన్లో బండ్లు బాగుచేసే గ్యారేజీలో పని. ఆయన స్నేహితుడొకడు వాంకూవర్ పోయి, ఇక్కడ పని ఉంది రమ్మన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కలిపి కాగితాలు పెట్టారు. అప్పటికి కాంతక్క ఏ కాగితంలో చూసినా మున్సామి కూతురు కాంతే. కెనడాకి పోవాలంటే పాస్‌పోర్టులో మొగుడి పేరు చేరాలన్నారు. నిండు కడుపుతో, పెళ్ళి సర్టిఫికెట్ చీర మడతలో పెట్టుకుని, బస్సెక్కి లౌటోకా పోయి పేరు మార్చమని అడిగి వచ్చింది. వాళ్ళిచ్చిన చీటీ నాకు చూపించింది.

"చదువక్కా" అన్నాను.

"కాంత..." అని ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ రెండోది నేనెట్లా అంటానే? ఆయన పేరు!"

"ఇప్పుడది నీ పేరే కదా."

"నాదైతే మాత్రం! నువ్వు అను."

బావగారి పేరు నేను కూడా అనకూడదు. ఆవిడ ముచ్చట చూసి మెల్లగా గొణిగాను, కాంత యోగేంద్ర అని. "మళ్ళీ అను" అంది. మళ్ళీ అన్నాను. లోపల్నుంచి మా అత్త కేకేసింది. "ఇద్దరూ మావాడి పేరు జపం చేస్తా కూర్చుంటే ఎద్దులకి నీళ్ళెవరు పెడతారే?"

పాస్‌పోర్టుకి ఫోటో ఇవ్వాల్సిన రోజు రాకముందే కాంతక్కకి నొప్పులొచ్చాయి. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, శోభన. ఇక పురుడు. మా అత్త పురుడంటే చాలా పట్టింపు మనిషి. నెల తిరిగే దాకా బాలింత గడప దాటకూడదు, గాలి తగలకూడదు, పరాయి నీడ పడకూడదు. బావగారు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఒక్క గంట అమ్మా. టాక్సీలో పోయి టాక్సీలో వస్తాం. గడువు దాటితే కాగితాలన్నీ మళ్ళీ మొదట్నుంచి."

"బాలింతని ఫోటోలవాడి దీపాల ముందు కూర్చోబెడతావా? రేపు దానికి వాతం వస్తే నీ కెనడా వచ్చి కాళ్ళు పిసుకుతుందా?" అంది అత్త. అంటూనే పొయ్యి దగ్గర కాయం దంచుతున్న జసోద వైపు చూసింది. జసోద కాంతక్క చెల్లెలు. అక్క పురిటికి సాయం చెయ్యడానికి తవువా నుంచి వచ్చింది. "ఇదుగో ఉందిగా. దాని ముఖమే దీని ముఖం. దీన్ని తీసుకుపో."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కాంతక్క మంచం మీద కూర్చునే చెల్లెలికి తన నీలం చీర కట్టించింది, తన చేత్తో బొట్టు పెట్టింది, తన ముక్కుపుడక తీసి పెట్టింది.

"నాలా కూర్చుని రా, పో."

"నీలా అంటే మూతి ముడుచుకునా?" అంది జసోద.

"మూతి కాదే, కళ్ళు. నువ్వు కళ్ళు గుడ్లగూబలా పెడతావు."

సాయంత్రం చీర మడత పెట్టి తిరిగిచ్చింది జసోద. ముక్కుపుడక మాత్రం ఇవ్వలేదు. కాంతక్క అడగలేదు.

మాకెవరికీ తప్పు చేస్తున్నామని తోచలేదు. మా ఇళ్ళల్లో ఆడదాన్ని పేరు పెట్టి పిలిచేదెవరు? పెద్దకోడలు, చిన్నకోడలు, శోభన అమ్మ, అంతే. కాగితంలో పేరు, పక్కన అతికించిన ముఖం ఏవో ఆఫీసువాళ్ళ సరదాలనుకున్నాం. పెళ్ళికి చీర అరువిస్తే కట్టుకుని తిరిగిచ్చేస్తారు కదా, ఇదీ అంతే అనుకున్నాం.

పాస్‌పోర్టు వచ్చింది. కాంతక్క పేరు, జసోద ముఖం. తర్వాత కెనడా వాళ్ళ డాక్టరు పరీక్షకి సువా పిలిచారు. అక్కడ ఫోటో పక్కన పెట్టి మనిషిని చూస్తారట. ఫోటోలో ఉన్న మనిషే పోవాలి. జసోదే పోయింది. అక్కడ్నుంచి ఇక వెనక్కి తిరగడం లేకపోయింది.

ఒక సాయంత్రం మగాళ్ళంతా నంగోనా తాగుతూ, ఆ మత్తు నీళ్ళ గిన్నె చుట్టూ కూర్చున్నారు. కాంతక్క నాన్న మున్సామి కూడా వచ్చాడు. బావగారు చెప్పాడు. "ఇప్పుడు ఫోటో మార్చమంటే మోసం అని అందరినీ పట్టుకుంటారు. ఈ కాగితాల మీద జసోద వస్తుంది. అక్కడ దిగాక అన్నీ సరిచేస్తాను. కాంతని జసోద పేరు మీద పిలిపిస్తాను. అది వచ్చిన రోజే ఎవరి పేరు వాళ్ళకి. ఖాలీ కాగజ్ మే, మామా. కాగితంలోనే."

"పెళ్ళి కాని పిల్ల, బావతో ఒక ఇంట్లో..." అన్నాడు మున్సామి.

బావగారు లేచి, దేవుడి ముందు కర్పూరం వెలిగించి, దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. అందరూ తలుపు చాటున ఉన్న కాంతక్క వైపు చూశారు. ఆవిడ బిడ్డకి పాలిస్తోంది. "పోనీ. చెల్లెలే కదా" అంది.

వాళ్ళ విమానం మా చెరకు మీదుగానే పోయింది. కాంతక్క శోభన గుడ్డలు ఆరేస్తూ తలెత్తి చూసింది. "నేను పోతున్నాను చూడవే" అని నాతో అని నవ్వింది. తను నవ్వింది గనక నేనూ నవ్వాను.

మొదట్లో ఉత్తరాలు తరచుగా వచ్చేవి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని. తర్వాత అవీ పల్చబడ్డాయి. ఒక రోజు మున్సామి తవువా నుంచి వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు, తల ఎత్తడు. కాంతక్క చాయ్ ఇచ్చింది. ఒక గుక్క తాగి అన్నాడు, "జసోదకి మూడో నెలట."

కాంతక్క ఆయన చేతిలో గ్లాసు తీసుకుని, ఇంకొంచెం పోసి ఇచ్చింది. "కాగితంలో కనేది నేనే కదా నాన్నా. మగపిల్లాడైతే నాకు కబురు చెయ్యి" అంది.

ఆ రోజు ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. "ఆఫీసుకి పోదాం అక్కా, ఉన్నదంతా చెబుదాం" అన్నాను. "చెబితే ఇద్దరినీ జైల్లో పెడతారు. జైలుకి పోయినవాడి కూతురని రేపు శోభనని అంటారు. వద్దే" అంది. జసోద పేరు మీద కాంతక్కని పిలిపించే మాట బావగారు మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ మెడలో పుస్తెలు మాత్రం తియ్యలేదు. ఊరివాళ్ళ బట్టలు కుట్టింది, చిక్కుడు పాదులు పెట్టింది, పిల్లని పెంచింది.

సైన్యం వాళ్ళు ప్రభుత్వాన్ని పడగొట్టిన ఏడు మా ఇండియా వాళ్ళందరికీ భయం పట్టుకుంది. ఏ ఇంట్లో చూసినా పాస్‌పోర్టుల మాటే. అప్పుడు బావగారు శోభనకి కాగితాలు పంపాడు. తండ్రి యోగేంద్ర, తల్లి కాంత, ఇద్దరూ కెనడాలోనే ఉన్నారు, కూతురు తల్లిదండ్రుల దగ్గరికి పోతోంది. ఎక్కడా అబద్ధం లేదు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పోనివ్వద్దని నేనన్నాను. కాంతక్క వినలేదు. పిల్లకి ఇక్కడేముంది అంది.

పోయే ముందు రోజు కాంతక్క శోభన తలకి నూనె పెడుతుంటే ఆ పిల్ల అడిగింది. "అమ్మా, అక్కడ పిన్నిని ఏమని పిలవాలి?"

దువ్వెన ఆగింది. "జనం ముందు అమ్మా అను. తలుపు వేసుకున్నాక పిన్నీ అను."

"మరి నిన్ను?"

"నన్ను పిలవడానికి నేనక్కడ ఉండాలి కదే" అని జడ గట్టిగా బిగించింది. పిల్ల అమ్మో అంది.

శోభన పెళ్ళి అక్కడే చేశారు. శుభలేఖ వచ్చింది. యోగేంద్ర, కాంత దంపతుల కుమార్తె అని బంగారు అక్షరాలు. కాంతక్క ఆ అక్షరాల మీద వేలు పెట్టి నాకు చూపించింది. "పెళ్ళి నేనే చేస్తున్నాను చూశావా? పీటల మీద కూర్చోవడానికే పిలవడం మరిచారు."

పోయిన కోతలప్పుడు జ్వరం పట్టుకుంది ఆవిడకి. నాందీ ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. నర్సు చిన్నపిల్ల, పేరు అడిగింది. నేను చెప్పబోతుంటే కాంతక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు పెంచి తనే చెప్పింది.

"కాంత యోగేంద్ర."

అన్నేళ్ళలో ఆ పేరు ఆవిడ నోట నేను విన్నది అదే మొదలు. వార్డులో ముసలమ్మలు తల తిప్పి చూశారు.

"మీ ఆయన వస్తారా?" అంది నర్సు.

"వాంకూవర్లో ఉన్నాడు."

"ఒక్కరేనా?"

"ఒక్కడెందుకు? నాతోనే ఉన్నాడు."

నర్సు నా వైపు చూసి, జ్వరం ఎక్కువైందని సైగ చేసింది. నేను తల దించుకున్నాను. మరునాడు తెల్లారకముందే కాంతక్క పోయింది. నేను పొయ్యి వెలిగించే వేళ.

వాంకూవర్ నుంచి ఎవరూ రాలేదు. విమానం దొరకలేదన్నారు. మా ఆయనే నిప్పు పెట్టాడు. దినాలు అయ్యాక చావు రాయించడానికి ఆఫీసుకి పోయి వచ్చి, కాగితం పెట్టెలో పెట్టేశాడు. తర్వాతెప్పుడో నేను ఆ పెట్టె సర్దుతూ చూశాను. కాంత, మున్సామి కూతురు, పెళ్ళి కాలేదు. అలా రాయించాడు.

"ఇదేంటి?" అని అడిగాను.

"అన్న ఫోన్ చేశాడు. కాంత యోగేంద్ర చచ్చిపోయిందని ఇక్కడ రాస్తే అక్కడ వాళ్ళకి ఇబ్బంది కదా."

"మరి ఆసుపత్రిలో ఆవిడ చెప్పిన పేరు?"

"జ్వరంలో ఏదో అందని చెప్పాను. చచ్చినావిడకి ఏ పేరైతే ఏంటే?"

ముప్పై ఏళ్ళు ఈ మనిషికి అన్నం పెట్టాను. నంగోనా గిన్నె దగ్గర ఆ రోజు నోరు మెదపకుండా కూర్చున్నాడంటే అన్నకి భయపడ్డాడనుకున్నాను. ఇప్పుడెవరికి భయం? ఆవిడ పోయేముందు నోరు తెరిచి అడిగింది ఆ ఒక్క పేరే. దాన్నీ తీసుకుపోయి వాళ్ళకే ఇచ్చేసి వచ్చాడు. నాకు ఒక మాట చెప్పలేదు. అప్పట్నుంచి అన్నం పెడుతున్నాను, మాట్లాడటం మాత్రం తగ్గించేశాను.

నిన్న సాయంత్రం శోభన ఫోన్ చేసింది. గొంతు అచ్చం తల్లిదే.

"చిన్నమ్మా, సంవత్సరీకానికి వస్తున్నాం. నేను, నాన్న, అమ్మ. రేపు బయల్దేరతాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద పడుకోలేదు. ఆ గదిలో మంచం వేసి ఉంచుతావా?"

"ఏ అమ్మకే?" అన్నాను.

గొంతు తగ్గించి అంది. "అదే... అమ్మకి. పెద్దమ్మ గది ఖాళీగానే ఉంది కదా చిన్నమ్మా."

పెద్దమ్మ అంది. కన్నతల్లిని. చుట్టూ జనం లేరు, ఫోన్లో నేనూ తనూ తప్ప ఎవరూ లేరు. తలుపు వేసుకున్నాక ఏమని పిలవాలో ఆ తల్లి నేర్పి పంపింది. నేను ఫోన్ పెట్టేశాను.

ఈ పొద్దున మా ఆయన ఎప్పుడూ లేనిది ముందే లేచాడు. "వదిన గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మంచం వెయ్యి. దుప్పట్లు ఎండలో పడెయ్. అన్న వాళ్ళు ఎల్లుండి దిగుతారు" అన్నాడు. కొబ్బరి ఈనెల చీపురు తీసుకుని వాకిలి దాటి పోయాను. తాళం తీశాను. ఏడాది దుమ్ము. కుట్టుమిషను మీద సగం కుట్టిన ఎవరిదో రవిక. కిటికీలో ఎండిపోయిన నిమ్మగడ్డి కట్ట. మేకుకి నీలం చీర, రంగు వెలిసిపోయి. జసోద మడత పెట్టి ఇచ్చినదే.

గడప మీద నిలబడి చూశాను. లోపలికి పోలేదు. తలుపు మూసి తాళం వేసి, తాళం చెవి కొంగున ముడి వేసుకుని వచ్చేశాను. చీపురు మా వంటింటి మూలలో పెట్టి పొయ్యి వెలిగించాను.

"ఊడ్చావా?" అని బయట్నుంచి అడిగాడు.

"లేదు."

"మరి ఎప్పుడు ఊడుస్తావు?"

నీళ్ళు మరుగుతున్నాయి. గ్లాసు కడిగాను.

"ఊడ్చను" అన్నాను.