మార్తమ్మ టీచర్ ఓడ బేరం

విశాఖ రేవు పక్కన నడుస్తుంటే ఓడల ఇంజన్లకు పోసే నల్లటి, చిక్కటి నూనె వాసన గాలిలో తగులుతుంది. మా మనవరాలు ముక్కు మూసుకుంటుంది. నేను మాత్రం గట్టిగా పీల్చుకుంటాను. ఓడలకు నూనె కొనే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ పని మీద నాకు మోజు పుట్టించింది సముద్రం ఎరగని నరసరావుపేటలో, యాభైల చివర, ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పిన మార్తమ్మ టీచర్.

ఆవిడ తమ్ముడు ఓడ ఇంజను గదిలో పనిచేసేవాడు. సెలవుకు వచ్చి అతను చెప్పిన కబుర్లన్నీ ఆవిడ మాకు పాఠాలుగా మార్చేది. పొరుగు దేశాలతో వర్తకం గురించిన పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసి, బెంచీలు జరిపించింది. ఒక మూల మద్రాసు, ఇంకో మూల కొలంబో, కిటికీ దగ్గర రంగూను. "ఓడ వచ్చేసింది. నూనె నిండుకుంది. ఎవరమ్ముతారో అమ్మండే!" అంది.

సరిగ్గా అప్పుడే మా నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన పత్తి వ్యాపారి. ఎదిగిన పిల్లకు చదువెందుకని బడి మాన్పించడానికి వస్తాడని నాకు తెలుసు. 

"టీచరమ్మా, మా పిల్లని ఇంటికి తీసకపోదామని..."

"తీసకపోదురుగానిలే అన్నయ్యా. ఈ ఓడకి కెప్టెన్ లేడు, కాసేపు మీరుండండి."

క్లాసంతా గొల్లున నవ్వింది. బేరమంటే ఆగలేని మనిషి మా నాన్న. కండువా సర్దుకుని లోపలికొచ్చి, మద్రాసు పిల్లతో గీచి గీచి బేరమాడి ధర దించాడు. ఇక కొనేస్తాడనగా కొలంబో మూలనుంచి నేను లేచాను.

"మా దగ్గర ధర కాస్త ఎక్కువే. కానీ మద్రాసులో ఓడలు బారులు తీరి ఉన్నాయి. మీ వంతు వచ్చిందాకా ఓడలో కళాసీల జీతాలు ఎవరిస్తారు? మా రేవులో అయితే రాగానే పోసి పంపిస్తాం."

పత్తి బండ్లు ఊరికే నిలబడితే ఎంత నష్టమో ఆయనకు ఒకరు చెప్పాలా! నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందే, ఇదంతా ఎక్కడ నేర్చావు?"

"ఇక్కడే నాన్నా."

పకపకా నవ్వాడు. "అయితే కొలంబోలోనే పోయించండి" అని, టీచర్ వైపు తిరిగి, "దీన్ని ఇంకొన్నాళ్ళు ఉంచండమ్మా. నాకే బేరం నేర్పేట్టుంది" అన్నాడు.

ఆ 'ఇంకొన్నాళ్ళు' గుంటూరు కాలేజీ దాటి, విశాఖలో ఓడల ఏజెంటు ఆఫీసు దాకా సాగింది. అరవైల చివర నిజమైన కొలంబోతోనే మొదటి బేరం కుదిర్చాను. ఆ సంబరంలో, అప్పటికి కారంపూడిలో ఉంటున్న టీచర్ దగ్గరికి వెళ్ళాను. టెలిగ్రాం మీద టెలిగ్రాం కొట్టి వాళ్ళ ధర ఎట్లా దించానో గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ జంతికల పళ్ళెం నా ముందు పెట్టి, అంతా విన్నది.

"చానా బాగుందే. మరి వాళ్ళకేం మిగిలింది?"

"అది నేనెందుకు చూడాలి టీచర్?"

"రేపు మళ్ళీ మన ఓడ వాళ్ళ గడపే తొక్కాలి గదే, పిచ్చిదానా!" అని నవ్వి, నెత్తిమీద చిన్నగా మొట్టింది.

ఆ తర్వాత పొరుగు దేశాల వాళ్ళతో ఎన్ని బేరాలు చేశానో లెక్కలేదు. ఇంకాస్త దించగలననుకున్న చోటే ఆగడం అలవాటైంది. ఇప్పటికీ రైతుబజారులో వంకాయలు సంచిలో వేసుకున్నాక అమ్మే మనిషి మొహంలోకి ఒకసారి చూస్తాను. నవ్వు కనబడకపోతే ఇంకో రూపాయి చేతిలో పెట్టిగాని కదలను.