పద్దెనిమిది ఓట్ల డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారన్న కబురు ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు మార్కెట్లో, వంకాయలు ఏరుకుంటుండగా తెలిసింది. కూరగాయలామె ఫోను చూసి, మీ మేడం పోయినారంట సిస్టరమ్మా అంది. సంచీ అక్కడే వదిలి ఆటో ఎక్కాను. దారంతా ఏడ్చాను, ఏడుస్తూనే ఆటో అతనికి ఆమె ఎన్నికల కథ చెప్పాను. ఏం చేయను, ఆమెను తలుచుకుంటే నాకు ముందు హుషారొస్తుంది, ఆ తర్వాతే దుఃఖం. మీకూ అలాగే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఆమె నర్సింగ్ హోములో నేను ఇరవై రెండేళ్ళు నర్సుగా చేశాను. జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ కూడా కాన్పులకు వచ్చేవాళ్ళు. ఆమె నోరు కారం, హస్తవాసి మాత్రం మంచిది. ఆడపిల్లా మగపిల్లాడా అని తండ్రి అడిగితే, తల్లి ఎట్లుందని ముందడుగప్పా అని గదిమేవారు. తల్లి సంగతి అడిగాకే బిడ్డను చూపించేవారు.

రాష్ట్రం విడిపోయిన ఏడు వచ్చిన ఎన్నికల్లో ఒక పార్టీ వాళ్ళు వచ్చి టికెట్ ఇస్తామన్నారు. ఛీ పొమ్మంటారనుకున్నాను. ఒప్పుకున్నారు! ఎందుకమ్మా మీకీ గోల అని అడిగితే, 'ఊరూరా రక్తం లేని ఆడోళ్ళే. మందు రాసి రాసి సాలయ్యింది మే. ఆ మందు పంపించే కుర్చీ యాడుందో సూసొస్తా' అన్నారు.

ఆ ప్రచారం చూడాల్సిందే. జీపు మీద నిలబడి దండం పెట్టమంటే దిగిపోయేవారు. ఓటరు చెయ్యి పట్టుకుంటే ఆమె వేళ్ళు నాడి మీదికి పోయేవి. ఆడవాళ్ళ కింది రెప్ప లాగి చూసి, మునగాకు తినమని చెప్పి, ఓటు అడగడం మరిచిపోయి ముందుకు నడిచేవారు. నేను వెనక పరుగెత్తి, అక్కా మన గుర్తు మరిచిపోవద్దు అని చెప్పుకొచ్చేదాన్ని. ఒకరోజు అవతలి పార్టీ జెండా కట్టిన ఇంట్లో ముసలాయనకు ఆయాసమంటే లోపలికెళ్ళి అరగంట కూర్చున్నారు. మావాళ్ళు గొణిగితే, నాడికి పార్టీ లేదప్పా అన్నారు. ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది.

ఇక నేను చేసిన ఘనకార్యం. మా సీమలో తగాదా జరిగితే డాక్టరు రాసే గాయాల సర్టిఫికెట్టే ప్రాణం. గాయం చిన్నదని రాస్తే కేసు తేలిపోతుంది, పెద్దదని రాస్తే కొట్టినవాళ్ళు జైలుకు పోతారు. పోలింగు మూడు రోజులుందనగా జమ్మలమడుగు దారిలోని ఒక ఊరి పెద్దాయన, డిగ్రీ చదివే కొడుకును తీసుకొచ్చాడు. నుదుటి మీద గీత. పక్క పొలం అన్నదమ్ములు కట్టెతో కొట్టారన్నాడు. పెద్ద గాయమని రాసిస్తే తన ఊరి ఓట్లు ఒక్కటి కూడా పక్కకు పోవన్నాడు. డాక్టరమ్మ ప్రచారంలో ఉన్నారు. నాకా, ఎన్నికల పిచ్చి తలకెక్కి ఉంది. ఆ పిల్లాడి తలకు తలపాగా అంత కట్టు కట్టాను. మంచమెక్కించి సెలైను పెట్టాను, పెద్ద గాయమని చీటీ కూడా రాసి ఉంచాను. ఇక ఆమె సంతకమే తక్కువ.

మధ్యాహ్నం వచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లాడి మీదికి వంగి, ఆ కట్టంతా చుట్టు చుట్టుగా విప్పి బకెట్లో వేశారు. ఒక చిన్న ప్లాస్టరు అంటించి, మూడు రోజులకు మానిపోతుంది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

'మా ఊరు నీకు పనికి రాదా తల్లీ?' అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

'మీ ఊరు కావల్లప్పా. ఈ చీటీతో మాత్రం వద్దు.'

ఆయన కొడుకు రెక్క పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఏడుస్తూ, సీటు పోగొట్టాను, నన్ను పనిలోంచి తీసేయండమ్మా అన్నాను. 'అబద్ధానికి కట్టు కడితే లోపల చీము పడతాది మే' అన్నారు. తర్వాత, నువ్వు పోతే కౌంటింగుకు ఏజెంటు ఎవరని కసిరారు.

కౌంటింగు రోజు నా గుండె నా దగ్గర లేదు. ఒక రౌండు మాది, ఒక రౌండు వాళ్ళది. అంకెలు రాసుకుంటుంటే చెమటకు కాగితం తడిసిపోయింది. చివరి రౌండుకు మేమే ముందున్నాం, కానీ ఆ పెద్దాయన ఊరి మిషను మిగిలింది. లెక్క వేసుకున్నాను. ఆ ఊరి ఓట్లన్నీ అవతలికి పడితే నాలుగు ఓట్లతో ఓడిపోతాం. నా చేతులతో కట్టిన కట్టు వల్లే ఓడిపోతాం. అల్లాకు మొక్కాను, ఆమె తరఫున వెంకన్నకూ మొక్కాను. ఆఫీసరు అంకె చదివాడు. ఆ ఊళ్ళో మాకు పదకొండు. పద్దెనిమిది ఓట్లతో గెలిచాం! నేను టేబులెక్కి అరిచానట, పోలీసాయన దింపాడట. నాకు గుర్తు లేదు. ఆ పదకొండు మంది ఎవరో కనుక్కుంటానంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. వాళ్ళ బతుకు వాళ్ళను బతకనియ్యి అన్నారు.

తర్వాత అసెంబ్లీకి పోయారు, ఆపైన ఢిల్లీకీ పోయారు. శనివారం వచ్చిందంటే మాత్రం ప్రొద్దుటూరులో స్టెతస్కోపుతో కూర్చునేవారు.

ఆదివారం ఆమెను నర్సింగ్ హోము వరండాలో పడుకోబెట్టారు. జనంలోంచి ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు నా దగ్గరికొచ్చి, నువ్వు తలకు కట్టు కట్టిన పిల్లోన్ని అక్కా అన్నాడు.

'ఆ పొద్దు నన్నెవురూ కొట్టలేదక్కా. బండి మీద నుంచి పడినా, నాయన తంతాడని కొట్టినారని సెప్పినా. ఆయమ్మ కట్టు ఇప్పుతా, పడినావు గదా నాయనా అని సెవిలో అడిగింది. తలకాయ ఊపినా. మా నాయనకు సెప్తాదేమోనని సచ్చేంత భయపడినా. సెప్పలేదు. ఆ పదకొండులో ఒకటి నాది.'

నేను ఆమె పక్కనే ఇన్నేళ్ళున్నాను. నాకు కూడా చెప్పలేదు.

అంతలో పాడె లేపారు. అతను చెప్పులు విడిచి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కాళ్ళ వైపు కట్టె కింద భుజం పెట్టాడు. నడుమ ఎవరో భుజం మారుస్తామని వచ్చారు. అతను వదల్లేదు. వీధి మలుపు తిరిగేదాకా అతని మెడ ఒక పక్కకు ఒరిగే ఉంది.