దొడ్డు, సన్నం

మా ఇంట్లో ఎదుటివాళ్ల కంచంలోకి చూడడం అమర్యాద. తాతగారి కాలంలో ఈ నియమం అవసరమై ఉండవచ్చు. అప్పుడు కంచాల్లో చూడదగినవి ఉండేవట. ఇప్పుడు ఉండేది రేషన్ దుకాణపు దొడ్డు బియ్యం, పప్పుచారు. అయినా నియమం నియమమే. నేను వీపు నిటారుగా పెట్టి, గోడకేసి చూస్తూ, ముందుగా ఒక్కణ్నే తినేవాణ్ని. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో కొందరు ముసలివాళ్లు ఇంకా నన్ను దొరా అని పిలుస్తారు. వాళ్లూ తగ్గిపోతున్నారు.

పోయిన ఎండాకాలం అంకిసలో ఒక పెళ్లికి వెళ్లాం. పందిట్లో అందరి ముందూ మా అక్క నా కూతురి జబ్బ పట్టుకుని చూసింది.

"ఏందే పోరీ, గింత దొడ్డుగైనవ్? మన ఇంట్ల దొడ్డోళ్లు ఎవలన్న ఉన్నరా? మీ నానమ్మ ఎట్లుండె, తీగ లెక్క!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మ అందం ప్రస్తావన నలుగురిలో రావడం నాకు నచ్చింది. మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

వానలు పడ్డాక ఒకరోజు వంటింట్లో తల్లీకూతుళ్లు గొడవపడుతున్నారు. రేకుల మీద వాన చప్పుడులో అమ్మాయి మాటలు నాకు రెండే అందాయి: "దొడ్డు", "నాకొద్దు".

నా ఛాతీ ఉప్పొంగింది. రక్తం ఎక్కడికి పోతుంది? రేషన్ బియ్యం మీద మా వంశంలో ఇన్నాళ్లకు ఒకరు తిరగబడ్డారు. మర్నాడే బజారుకు వెళ్లి సన్నబియ్యం అడిగాను.

"ఏంది దొరా, సుట్టాలొస్తుండ్రా?" అన్నాడు సేటు.

"సుట్టాలెందుకు? మా బిడ్డ దొడ్డు బియ్యం ముట్టది."

ఆ మాట దుకాణంలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నాను.

మల్లెమొగ్గల్లాంటి అన్నం వండినా అమ్మాయి తీరు మారలేదు. కాలేజీలో తిన్నానంటుంది, కడుపునొప్పి అంటుంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అక్క వచ్చి చూసి, "ఇగ అచ్చం మా అమ్మనే!" అని మెటికలు విరిచింది. మా ఆవిడ మాత్రం, "బియ్యం సంగతి గాదు. కంచంల ఏం మిగులుతున్నదో జర సూడరాదుండ్రి" అంది. నేను ఆమెకు మా ఇంటి నియమం గుర్తుచేశాను.

ఒక పొద్దున అమ్మాయి బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయింది. అహేరి దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ తిండి గురించి మరాఠీలో అడిగితే నేను వివరంగా చెప్పాను: మా అమ్మాయి మామూలు బియ్యం తినదు, పెద్ద ఇంటి పుట్టుక.

మంచం మీద నుంచి అమ్మాయి తెలుగులో అంది:

"బియ్యం గాదు బాపూ. నేను. నేను దొడ్డు."

ఆ మణికట్టు చుట్టూ నా బొటనవేలు, చిటికెనవేలు కలుస్తాయి. అంత బక్క చేయి చూపించి ఆ మాట అంది, నమ్మి అంది. ఇది మొండితనం కాదు, జబ్బని డాక్టరమ్మ చెప్పింది. అద్దంలో ఆమెకు మనం చూసే పిల్ల కనిపించదట. తిట్టినా బతిమాలినా లాభం లేదు. దవాఖానకు వస్తూ ఉండాలి. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినాలి. ఒంటి గురించి ఎవరూ ఏమీ అనకూడదు, పొగడకూడదు కూడా. ఇది ఇంకొంతకాలం సాగితే గుండె తట్టుకోదని నన్ను బయటికి పిలిచి చెప్పింది.

అమ్మాయి సన్నబడినందుకు మళ్లీ మెచ్చుకోవడానికి అక్క ఫోన్ చేసింది.

"అక్కా, మా ఇంట్ల దొడ్డు, సన్నం ఇగ బియ్యానికే" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అక్క ఫోన్ చేయలేదు.

ఇప్పుడు ముగ్గురం కింద కూర్చుని ఒకేసారి తింటున్నాం. మా తాతగారు చూస్తే ఆ పూట అన్నం మానేసేవారు. అమ్మాయి మెతుకులను అంచుకు నెట్టి, ముద్ద కలిపి, మళ్లీ విడదీస్తుంది. కొన్ని రోజులు తింటుంది, కొన్ని రోజులు తినదు.

"ఇయ్యాల ఏం బియ్యం?" అంది నిన్న.

"దొడ్డువే. సన్నయి అయిపోయినయి."

ఆమె పెదవి కొంచెం వంకరపోయింది, నవ్వే అనుకుంటాను. నేను గోడ మీద నుంచి చూపు తిప్పి ఆమె కంచంలోకి చూశాను.

"గట్ల సూడకు బాపూ. సిగ్గయితది."

"నాకూ అయితున్నది" అన్నాను. "తిను."