బెల్టు మీద రెండో పేరు

మా చిన్నప్పుడు... ఆదివారం అన్నం తినీ తినకముందే తడి చెయ్యి లంగాకు తుడుచుకుని కాశింబక్క వాళ్ల పెరట్లోకి ఉరికేవాళ్లం. ప్రొద్దుటూరులో మా వెనక వీధి అది. వాళ్లు పరుపులు కుట్టేవాళ్లు. పాత పరుపులు విప్పి పోసిన దూది పెరట్లో గుట్టగా ఉండేది... మా కుస్తీలకు అంతకంటే మెత్తని రింగు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

టీవీలో చూసిన పట్లన్నీ ఆ దూది మీదే పట్టేవాళ్లం. నన్ను ఆడపిల్లవి నీకెందుకని ఎవరైనా అంటే, వాళ్లనే ముందు పడేసేదాన్ని. కాశింబక్క రెఫరీ. ఆమె తమ్ముడు దస్తగిరి, నా ఈడువాడే, మా ఛాంపియన్.

మాకు బెల్టు కూడా ఉండేది. వీధి మలుపులో నగలు చేసే ఆచారి మామ ఇత్తడి రేకును గుండ్రంగా కత్తిరించి, మెరుగు పెట్టి ఇచ్చాడు. కాశింబక్క దాన్ని పరుపు గుడ్డ పట్టీకి కుట్టింది. మొదటి వేసవిలో దస్తగిరి మమ్మల్నందరినీ వరసగా ఓడిస్తే, ఆచారి మామ సన్న ఉలితో ఆ రేకు మీద వాడి పేరు చెక్కాడు. అప్పటి నుంచీ నాకు ఒకటే యావ... దాని కింద నా పేరు పడాలి.

ఒకసారి టీవీలో మేమంతా ప్రాణం పెట్టుకున్న ఛాంపియన్ ఓడిపోయాడు. ఎలా ఓడాడనుకున్నారు? రెఫరీ దెబ్బ తగిలి పడిపోయిన సందులో ఇంకెవడో వెనక నుంచి వచ్చి మా వాడిని కుర్చీతో బాదాడు. అంతసేపూ చచ్చినట్టు పడున్న రెఫరీ, సరిగ్గా మా వాడు ఓడాడని మూడు లెక్కపెట్టే వేళకు కళ్లు తెరిచాడు! నాకు ఒళ్లు మండిపోయింది. అది గెలుపే కాదన్నాను. బెల్టు ఎవరి నడుముకుంటే వాడే ఛాంపియన్ అన్నాడు దస్తగిరి. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

చివరికి పంచాయితీ ఆచారి మామ దగ్గరికి పోయింది. ఆయన కుంపటి ముందు నుంచి తల కూడా ఎత్తలేదు.

"టీవీ సంగతి నాకెరుక లేదు. నేను చేసిన రేకు మీద ఇంకో పేరు చెక్కల్లంటే మాత్రం ఓడినోడు వచ్చి చెప్పల్ల. గెలిచినోడు ఎప్పుడైనా గెలిచినాననే అంటాడు."

ఆ మాటతో మా పని అయిపోయింది... దస్తగిరి ఓడానని ఒప్పుకునే రకమా? ఎవరైనా వాడిని కింద పడేస్తే కాలు జారిందనేవాడు. లేకపోతే కంట్లో దూది పడిందనేవాడు. అదీ కాకపోతే అక్క తొందరగా లెక్కపెట్టిందనేవాడు. ఏడాది గడిచినా రేకు మీద ఒక్క పేరే ఉంది.

ఇంతలో మా నాయన పులివెందులలో బట్టల అంగడి పెట్టాలని నిశ్చయించాడు. మంగళవారం ఇల్లు ఖాళీ చేయాలి. అంటే నాకు మిగిలింది ఒక్క ఆదివారం...

ఆ రోజు వాడు నన్ను రెండుసార్లు విసిరేశాడు. మోచేయి గీసుకుపోయింది. మూడోసారి వాడి నడుము దొరికింది, ఇక వదల్లేదు. వెల్లకిలా పడేసి, భుజాలు రెండూ దూదికి ఆనించి, ఉన్న బలమంతా పెట్టి అదిమిపట్టాను. వాడు కాళ్లు తన్నుకున్నాడు... కాశింబక్క నిదానంగా, తమ్ముడని చూడకుండా, మూడు లెక్కపెట్టింది.

దస్తగిరి లేచాడు. ఎవరి ముఖమూ చూడకుండా బెల్టు తీసుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

సోమవారం సాయంత్రం నేనే ఆచారి మామ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. కావాలంటే కాశింబక్కను అడగమన్నాను. ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. నా మాట నమ్ముతున్నానన్నాడు, అయినా అనుకున్న మాట మాటేనన్నాడు. ఇంటికొచ్చి, సామాన్లు సర్దుతున్న అమ్మ కొంగులో ముఖం పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. సంగతి చెబితే తిడుతుందని కడుపునొప్పి అన్నాను. పాపం, కూచోబెట్టి వాము నమిలించింది.

మంగళవారం పొద్దున లారీకి బీరువా ఎక్కిస్తున్నారు... దస్తగిరి వచ్చాడు. భుజాన బెల్టు ఉంది. నేరుగా వీధి మలుపు వైపు నడిచాడు, నేను వెనకే పరుగెత్తాను.

ఆచారి మామ గడప దగ్గర ఆగి, బెల్టు ఆయన ముందుకు చాపాడు. వాడి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"కాలు జారల్యా మామా. కంట్లో దూదీ పడల్యా. మా అక్క సరింగానే లెక్కపెట్టింది... నేనే ఓడిపోయినా. పద్మ పేరు చెక్కు."

ఆచారి మామ చేతిలో పని పక్కన పెట్టి ఉలి అందుకున్నాడు. రెండే అక్షరాలు. అవి పడేంతసేపూ దస్తగిరి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత వాడే ఆ బెల్టు నా నడుముకు కట్టాడు. నేను ఎగిరి గంతెయ్యాలి కదా... వెయ్యలేకపోయాను. గెలిచిన సంతోషం కంటే వాడి మీద గౌరవమే ఎక్కువైంది. అవతల లారీ హారన్ కొడుతుంటే, వాడికి ఏమీ చెప్పకుండానే పరుగెత్తాను.

టీవీ కుస్తీల్లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారని పెద్దయ్యాక తెలిసింది. అంత పిచ్చిగా ఎలా నమ్మావమ్మా అని మా పిల్లలు ఆటపట్టిస్తారు. పట్టనీండి! నా కళ్లముందు ఒక్క టైటిలైనా నిజంగా చేతులు మారింది, నాకది చాలు.

దస్తగిరి ఇప్పుడు జమ్మలమడుగులో పరుపుల అంగడి నడుపుతున్నాడట. అన్నీ ఫోము పరుపులే... దూది అడిగేవాళ్లే లేరంట. ఆరోజు చెప్పలేని మాట ఇన్నేళ్లకు ఇక్కడ చెబుతున్నాను. దస్తగిరీ, నువ్వు ఆ గడప దాకా నడిచి రాకపోయినా నిన్ను ఎవరూ అడిగేవాళ్లు కాదప్పా. ఒక్క గంట ఇంట్లో కూర్చుని ఉంటే మా లారీ వెళ్లిపోయేది... ఛాంపియన్‌గా నువ్వే మిగిలేవాడివి. నీ మేలు మరచిపోలేదు.

ఇప్పుడు ఎటు చూసినా గెలిచామని చాటుకునేవాళ్లే... తనంతట తాను నడిచొచ్చి, నీ చేతిలో ఓడిపోయానని ఇంకొకరి ముందు చెప్పిన దోస్తు మీకూ ఒకరుంటే, ఆ పేరు ఈ పోస్టు కింద రాయండి.