అమావాస్య మర్నాడు మోగని గంట

అది 2014, పత్తి సీజన్ మంచి ఊపు మీదున్న రోజులు. రాయచూరులో ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు. నేను ఆ ఊరి పిల్లనే. ఉద్యోగం మాత్రం హైదరాబాదులో, ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ ఇంజనీరుగా. ఫర్మ్‌వేర్ అంటే యంత్రంలోని చిప్‌లో కాపురముండి దాన్ని నడిపించే ప్రోగ్రాం. అది రాయడం, అందులో తప్పుంటే పట్టుకోవడం నా పని. ఆ పని నాకు బాగా వచ్చని కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

మేము ఆ మిల్లుకు అమ్మింది నిప్పును కనిపెట్టే డబ్బా. పత్తితో పాటు ఏ రాయో, ఏ మేకో వచ్చి యంత్రానికి తగిలితే నిప్పురవ్వ పుడుతుంది. అది గొట్టంలో కొట్టుకుపోయి పత్తికుప్పలో పడిందంటే ఇక చెప్పేదేముంది! మా డబ్బా కన్ను ఆ గొట్టానికి బిగించి ఉంటుంది. రవ్వ కనబడగానే గంట కొట్టి, గొట్టం తలుపు తెరిచి, అంటుకున్న పత్తిని బయట పడేస్తుంది. లోపలి చిప్‌లో రెండు ప్రాసెసర్లు. మొదటిది చూస్తుంది, రెండోది చేస్తుంది. మెయిన్ కరెంటు లేనప్పుడు బ్యాటరీ ఆదా కోసం రెండూ నిద్రపోతాయి. కరెంటు రాగానే లేస్తాయి, దాన్నే మేం రెజ్యూమ్ అంటాం. ఊరి దగ్గరే థర్మల్ ప్లాంటు ఉన్నా మాకు కోతలు తప్పేవి కావు, అందుకని డబ్బాకు రోజూ పడుకోవడం, లేవడం మామూలే. ఆ భాగం రాసింది నేనే.

ఆ సీజన్లో ఒక పొద్దున మిల్లులో కుప్ప అంటుకుంది. ఫిట్టర్ తిమ్మప్ప ఇసుక పోసి ఆర్పాడు కాబట్టి గండం గడిచింది. డబ్బా మోగనే లేదు. దాని లాగ్, అంటే అది తనలో తాను రాసుకునే చిట్టా, తెప్పించి చూశాను. ఆ పొద్దున ఎవరో చేత్తో స్విచ్ ఆపి మళ్లీ వేసినట్టు ఉంది. నెల తిరిగేసరికి, ఈసారి మంట లేకపోయినా, లాగ్‌లో మళ్లీ అదే. రెండుసార్లూ అమావాస్య మర్నాడే. చాయ్ చల్లారేలోగా రిపోర్టు రాసేశాను: డబ్బాలో లోపం లేదు, నడిపే మనిషి ఆపేశాడు. దాని మీద మిల్లు యజమాని సంతకం తెమ్మని నన్నే పంపారు.

అందరూ సేట్ అని పిలిచే ఆ యజమాని మా తెలుగువాడే, బజారులో పాత వ్యాపార కుటుంబం.

"అమ్మా సుజాతా, నువ్వు మనూరి పిల్లవు, ఉన్నదే రాస్తవు. అమాస అమాసకు ఈయనకేం లేస్తదో ఏందో, డబ్బా బంద్ జేస్తడు. మిల్లు కాలిపోతే జవాబు ఎవరు జెప్పాలె?" అన్నాడు.

ఆఫీసు గోడకు ఒక చెక్క, దానికి మేకులు, మేకులకు ఇత్తడి బిళ్ళలు. పనిలోకి వచ్చినవాడు తన నంబరు బిళ్ళ తగిలించాలి, ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోవాలి. సేట్ లేచి పదిహేడో నంబరు బిళ్ళ తీసి సొరుగులో వేశాడు.

"రేపటి సంది రాకు తిమ్మప్పా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఫిట్టరుతో.

తిమ్మప్ప పక్కనున్న యరగేర ఊరి మనిషి, యాభై దాటినవాడు. ముంజేతి మీద కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇరవై ఏండ్లు జేసిన సేట్. నా మిల్లు నేను కాలబెట్టుకుంటనా?" అని, నా వైపు తిరిగాడు. "మేడం, మీరు సదువుకున్నోళ్లు. నా మాట ఒక్కటి ఇనుర్రి. శుక్రారం పొద్దున మిషన్లకు హారతిస్త. మీ డబ్బా కన్నుకు గూడ సూపిస్త. కర్పూరం సూడంగనే టంగుమని మోగుతది."

అది నిజమేనని సేట్ తలూపాడు. గంట మోగినప్పుడల్లా అమ్మవారు పలికిందని ఆయన చెంపలు వేసుకునేవాడట.

"కుప్ప అంటుకున్ననాడు డబ్బా గప్‌చిప్. పచ్చలైటు మాత్రం ఎలుగుతనే ఉంది. నిప్పార్పినంక ఆపి ఏస్తే బాగైంది. మొన్న అమాస మర్నాడు అనుమానమొచ్చి, మిల్లు చాలూ జేయకముందే హారతి సూపించిన. మోగలే. ఆపి ఏసిన, మోగింది. నేను ఆపితే ఖరాబు గాలే మేడం, ఖరాబైందని ఆపిన."

నాకు తల కొట్టేసినట్టయింది. స్విచ్ ఆపారని లాగ్‌లో ఉంది, ఎందుకు ఆపారో లేదు. ఫోన్ తీసి ఈయన్ని ఒక్కమాట అడగాలని నాకు తోచనే లేదు.

"అమావాస్య రోజు ఏం చేస్తారు?" అని అడిగాను.

"మన దిక్కు అమాస నాడు మిషన్ నడపం గదా. మెయిన్ తీసి, కడిగి, పూజ జేస్తం. సీజన్ల గదొక్కటే సెలవు."

అప్పుడు వెలిగింది. పన్నెండు గంటల లోపైతే మా డబ్బాది కునుకు. అది దాటితే గాఢనిద్ర, అప్పుడు రెండో ప్రాసెసర్‌కు కరెంటు పూర్తిగా ఆగిపోతుంది. కోతలూ, రాత్రి విరామమూ కునుకు కిందికే వస్తాయి. ఆ మిల్లులో డబ్బా గాఢంగా నిద్రపోయేది అమావాస్యకే.

"సేట్, సాయంత్రం దాకా టైమివ్వండి. అంతవరకు తిమ్మప్ప నా దగ్గరే ఉంటాడు" అన్నాను. ఆయన గొణిగాడు గానీ కాదనలేదు.

పన్నెండు గంటలన్న చోట ఒక్క నిమిషమని మార్చాను. చిప్ లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్ కేబుల్ లాప్‌టాప్‌కు తగిలించాను. మెయిన్ తీయడం, నిమిషం ఆగడం, వేయడం, తిమ్మప్ప కర్పూరం చూపడం. టంగుమని మోగింది. మళ్లీ చేశాం, మళ్లీ మోగింది. ఎన్నిసార్లు చేసినా మోగుతూనే ఉంది. తిమ్మప్ప మొహం వాడిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు ఆయనే మెల్లగా అన్నాడు: "మేడం, దినాం నా డబ్బాకు గా వైరుండదు. తీసి సూడుర్రి."

"వైరు తీసేస్తే లోపలేం జరుగుతుందో నాకెట్లా తెలుస్తది?" అని కసిరాను. మాట పూర్తికాకముందే నెత్తి కొట్టుకున్నాను. ఆ కేబుల్ ఉన్నంతసేపు రెండో ప్రాసెసర్‌కు కరెంటు ఆగదు! మేం ఆఫీసులో గాఢనిద్రను పరీక్షించిందంతా కేబుల్ పెట్టే. అంటే అది ఒక్కసారి కూడా నిద్రపోలేదు.

కేబుల్ పీకేశాను. నిమిషం ఆగి మెయిన్ వేశాం. పచ్చలైటు వెలిగింది. తిమ్మప్ప కర్పూరం చూపించాడు. గంట మోగలేదు.

"సూడుర్రి సేట్, సూడుర్రి!" అని ఆయన కేక. నేనైతే ఎగిరి గంతేశాను. యంత్రం చెడిపోతే సంబరపడేది మా వృత్తిలోనే.

చిప్‌కు రెండు చిన్న లైట్లు కలిపి, ఏ ప్రాసెసర్ లేస్తే దాని లైటు వెలిగేలా చేశాను. మొదటిది ఠక్కున వెలిగింది. రెండోది ఒక రెప్పపాటు ఆలస్యంగా వెలిగింది. అంతే, దొంగ దొరికాడు. సేట్‌ను ఆ బిళ్ళల చెక్క దగ్గరికే తీసుకుపోయి చెప్పాను.

"సేట్, డబ్బాలో ఇద్దరు పనివాళ్లు. లేచినవాడు 'నేనున్నా' అని బిళ్ళ తగిలిస్తాడు. రెండోవాడు నిద్రకు పోతూ తన బిళ్ళ తీయడం మరిచాడు. తెల్లారి మొదటివాడు లేచి, నిన్నటి బిళ్ళ చూసి, రెండోవాడు ఉన్నాడనుకుని పని చెప్పేశాడు. వినడానికి అక్కడెవరున్నారు? మొదటివాడు జవాబు కోసం కూర్చున్నాడు. రెండోవాడు ఆలస్యంగా లేచి పని చెప్తారని కూర్చున్నాడు. పచ్చలైటు వెలుగుతూనే ఉంది, ఇద్దరూ కదలరు. తిమ్మప్ప స్విచ్ ఆపి వేస్తే పాత బిళ్ళలన్నీ రాలిపోయి, ఇద్దరూ మొదట్నుంచి లేచేవారు. బిళ్ళ తీయాలని రాయాల్సింది నేను. రాయలేదు. తప్పు తిమ్మప్పది కాదు, నాది."

"హౌదా!" అని కన్నడంలో ఆశ్చర్యపోయాడు సేట్. కానీ వ్యాపారి కదా, సొరుగు తెరవలేదు. "అమాస మర్నాడు మోగనియ్యి. అప్పుడు ఇస్త బిళ్ళ."

మర్నాడంతా కూర్చుని సరిచేశాను. నిద్రకు ముందు రెండు బిళ్ళలూ తీసేయాలి. లేచాక ఎవరిది వాళ్లే కొత్తగా తగిలించాలి. రెండూ కనబడితేనే పని మొదలు, పచ్చలైటూ అప్పుడే. ఒకటి రాకపోతే ఎర్రలైటు. పరీక్ష కోసం పెట్టిన ఒక్క నిమిషాన్ని మళ్లీ పన్నెండు గంటలు చేశాను.

అమావాస్యకు మళ్లీ రాయచూరు వచ్చాను. మర్నాడు పొద్దున మిల్లు వాకిట్లో పనివాళ్లంతా నిలబడ్డారు. తిమ్మప్పను నేనే పిలిపించాను, హారతి ఆయన చెయ్యే ఇవ్వాలని. ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. మెయిన్ వేశారు. పచ్చలైటు వెలిగింది. కర్పూరం కన్ను ముందుకొచ్చిందో లేదో, టంగ్! గొట్టం తలుపు ధడాలున తెరుచుకుంది. వాకిలంతా ఈలలు. సేట్ అలవాటు చొప్పున చెంపలు వేసుకుని, ఆఫీసులోకి పోయి, బిళ్ళ తెచ్చి తిమ్మప్ప చేతిలో పెట్టాడు.

"తప్పైంది తిమ్మప్పా."

నేను పాత రిపోర్టు చింపేసి, కొత్తది తిమ్మప్ప ముందే చదివాను. డబ్బాలో లోపం ఉంది, దాన్ని కనిపెట్టింది మిల్లు ఫిట్టర్ తిమ్మప్ప అని అందులో రాశాను. ఆయన పేరు మరోసారి చదవమన్నాడు, చదివాను.

ఆ తర్వాత ఎన్నో డబ్బాలు చూశాను. స్విచ్ మీద చెయ్యి వేసిన మనిషిని అడగకుండా ఒక్క రిపోర్టు రాయలేదు. ఆ పొద్దున నన్ను సాగనంపడానికి వస్తూ తిమ్మప్ప మధ్యలో ఆగి, చెక్క దగ్గరికి వెనక్కి పోయాడు. పదిహేడో మేకుకు బిళ్ళ తగిలించి, అది కదలకుండా వేలితో నొక్కి చూసుకుని, "ఇగ నేనున్న మేడం" అన్నాడు.