అవ్వ పాటకు అమ్మ కింది గొంతు

లేదు, మా అమ్మ సంగీతం ఏమీ నేర్చుకోలేదు... అయినా నా చిన్నప్పుడు ప్రతి మంగళవారం సాయంత్రం, మేము వలస వచ్చిన గంగాలిన్‌లో ఒక హాల్లో నిలబడి, వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లోనో ఇటలీలోనో ఎవరో కట్టిన పాటలు పాడేది.

తొమ్మిది మందే ఉండేవాళ్ళు. పియానో లేదు, మైకు లేదు. అందరూ ఒకే పాట పాడతారు, కానీ ఒకే రాగం పాడరు... ఆడవాళ్ళలో ఒక పై గొంతు, ఒక కింది గొంతు. మగవాళ్ళలోనూ అంతే. నాలుగూ వేరే వేరేగా నడుస్తూ చివర్లో ఒక చోట కలుస్తాయి. మాడ్రిగల్స్, పార్ట్‌సాంగ్స్ అనేవాళ్ళు. కోయిల మీద ఒకటి, వసంతం మీద ఒకటి, మాట తప్పిన అమ్మాయి మీద ఒకటి... ఇంకోదాంట్లో సగం పాట ఫలలలా, ఫలలలా అంతే!

అమ్మది కింది గొంతు. అదే కష్టం.

ఎందుకంటే మా పేట హారిసన్‌లో తెలుగువాళ్ళు ఎవరింట్లో భజన అయినా ఒకరు అందుకుంటారు, మిగతావాళ్ళంతా వాళ్ళ వెనకే పోతారు. అమ్మకి అదే అలవాటు. పక్కన ఎవరు గట్టిగా పాడితే వాళ్ళ దారిలోకి వెళ్ళిపోయేది.

"గుంపులో నిలబడి కూడా దారి తప్పేది నువ్వొక్కదానివేనే" అని నాయన ఏడిపించేవాడు.

"నువ్వు ఇంట్లోనే తప్పుతావు, సింకు దాకా రాలేవు, ఆ గిన్నెలు చూడు" అనేది అమ్మ.

పాటలు నేర్పే హెలెన్ ఆంటీకి ఒక పద్ధతి ఉండేది. ఏడాదికి ఒక్కొక్కరు ఒక్కో పాట తేవచ్చు. కానీ ఆ పాట కచేరీలోకి రావాలంటే, గొంతుకి ఒక్కరు చొప్పున నలుగురే నిలబడి మొదట్నుంచి చివరిదాకా పాడి చూపించాలి. ఎవరైనా పక్కవాళ్ళ దారిలో పడితే ఆ ఏడాదికి పాట పక్కకే...

అమ్మ తన పాట తెచ్చిన దానికి ముందు ఏడాదే మదనపల్లె దగ్గర మా అవ్వ పోయింది... అమ్మ వాళ్ళమ్మ. అవ్వ చింతపండు కొట్టి గింజలు తీసేటప్పుడు తనే కట్టుకున్న పాట ఒకటి ఉంది.

గింజా గింజా జారిపోకే
గిన్నె నిండా చేరిపోవే...

అమ్మ ఆ పాట తెచ్చింది. హెలెన్ ఆంటీ విని, ఇంకోసారి పాడమంది. తర్వాతి వారానికి దాన్ని నాలుగు గొంతులకి రాసుకొచ్చింది.

అక్కడే వచ్చింది చిక్కు. అవ్వ రాగం పై గొంతుకి పోయింది. అమ్మ గొంతు అంత పైకి లేవదు. పాటనే కిందికి దించుదామంటే మగవాళ్ళకి అందదు. అమ్మతో పాటు కింది గొంతు పాడే ఇంకొకావిడ క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయింది. అంటే, వాళ్ళమ్మ పాట ఇంకెవరో పాడుతుంటే, అమ్మ ఒక్కతే దాని కింద వేరే ఏదో పాడాలి... లేకపోతే పాట ఉండదు.

ఇంట్లో ప్రాక్టీసుకి పై గొంతు నేను. అప్పటికి నా గొంతు ఇంకా మారలేదు, సన్నగా ఉండేది. బయట ఎవరి ముందూ నోరు తెరవను కానీ వంటింట్లో పాడేవాణ్ణి. నేను అవ్వ రాగం అందుకోగానే రెండో లైనుకి అమ్మ వచ్చి నాతో కలిసిపోయేది. ప్రతిసారీ అంతే...

"అమ్మా, దట్స్ మై పార్ట్!"

"తెలుసురా... మాయమ్మ పాడతా ఉంటే నేను ఇంకోటి ఎట్ల పాడేది?"

ఒకరోజు స్టవ్ ఆపేసి, "వద్దులే, హెలెన్‌కి చెప్పేస్తా, తీసేయమంటా" అంది.

నాయన సోఫాలోంచే అడిగాడు. "మీయమ్మ పాడేటప్పుడు నువ్వేం చేస్తా ఉంటివి? కలిసి పాడతా ఉంటివా?"

"నేనేం పాడతా, చిన్నపిల్లని. పక్కన కూర్చోని ఊ కొడతా ఉంటి. కొట్టకపోతే ఆపేసేది."

"అయితే ఇప్పుడూ ఊ కొట్టు. ఆమె పాట ఆమెని పాడనీ."

అమ్మ గరిటె పక్కన పెట్టి, నా వైపు చూసి "మళ్ళీ ఎత్తుకోరా" అంది.

ఆ సారి రెండో లైను వచ్చినా నా దాంట్లోకి రాలేదు. కిందే ఉండిపోయింది. ఒకే పాట, కానీ వంటింట్లో మాతో అవ్వ కూడా ఉన్నట్టు.

మంగళవారం నలుగురు నిలబడ్డారు. అవ్వ రాగం ఎత్తుకున్నది ఒక నర్సు. తెలుగు పలకడం రాక, "జారిపోకే"ని జాగ్రత్తగా ముక్కలు చేసి పాడింది. అమ్మ ఆమె వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి... చిన్నపిల్లలు కథ వింటారే, అలా. చివరిదాకా తప్పలేదు.

హెలెన్ ఆంటీ "ఇట్స్ ఇన్" అంది, అంతే. అమ్మ బయటికి వెళ్ళి ట్రామ్ స్టాపులో కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

ఆ పాట ఒక్క కచేరీకే. ఆ తర్వాతి ఏడాది కొత్త పాటలు వచ్చాయి, అది పోయింది. అమ్మకి ఉద్యోగంలో డ్యూటీలు మారి వెళ్ళడం మానేసింది. నా గొంతు బొంగురుగా మారిపోయింది, ఇప్పుడు ఆ రాగం ఎత్తుకుంటే అరుపులా వస్తుంది.

అమ్మ మాత్రం ఇప్పటికీ పప్పు కడుగుతూ తన కింది గొంతు పాడుకుంటుంది. మొన్న మా ఫ్రెండ్ విని "వాట్ సాంగ్ ఈజ్ దట్? ట్యూనే లేదు కదా" అన్నాడు. నిజమే, వాడికి లేదు... నాకు మాత్రం పైన అవ్వ పాడుతూనే ఉన్నట్టు ఉంటుంది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా సగం పాటే పాడుకుంటూ ఉంటారా? మిగతా సగం ఎవరిదో మీకు తెలుసా?