ఊ కొట్టినవాళ్ళ ఫైలు

మొన్న శనివారం బట్టలు మడతపెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. ఫ్రిస్కో మామ్మగారి మనవరాలు. నేను చూసినప్పుడు ముందు పళ్ళు ఊడిన ఆరేళ్ళ పిల్ల, ఇప్పుడు కాలేజీలో చేరబోతోందట. "ఆంటీ, అమ్మమ్మ కథలు మీ దగ్గర ఉంది కదా? నాకు వినాలి," అంది, తెలుగు మాటల్ని అమెరికా యాసలో తడుముకుంటూ. మామ్మగారు పోయి ఏడాది కావస్తోంది. "చూసి చెప్తానమ్మా" అని పెట్టేశాను. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాను. ఆ కథలు ఇప్పుడు ఎక్కడా లేవని నాకు తెలుసు.

అప్పట్లో డాలస్ దగ్గర ఒక యూనివర్సిటీలో సాహిత్యం చెప్పేదాన్ని. మా ప్రొఫెసరమ్మ, నెరిసిన జుట్టు అమెరికన్ ఆవిడ, సాహిత్యాన్నీ కంప్యూటర్లనీ కలిపి పరిశోధన చేయాలని ముచ్చటపడింది. మాకు కంప్యూటర్ రాదు, కంప్యూటర్ డిపార్ట్‌మెంటు వాళ్ళకి కథ పట్టదు. డేటా అని వాళ్ళు దేన్నంటారో మాకూ, కథనం అని మేం దేన్నంటామో వాళ్ళకీ తలకెక్కేసరికి ఒక సెమిస్టర్ మీటింగుల్లోనే గడిచిపోయింది. ఆ మీటింగులు తలుచుకుంటే నాకిప్పటికీ ఆవులింతలొస్తాయి. చివరికి తేలిందేమిటంటే, పిల్లల దగ్గరికొచ్చి నాలుగు నెలలుండి వెళ్ళే పెద్దవాళ్ళ నోటి కథలు రికార్డు చేసి, ఏ మాట కావాలన్నా వెతుక్కునేలా వెబ్‌సైట్‌లో పెట్టాలని. కరీంనగర్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన ఒకమ్మాయి ప్రోగ్రాం రాయడానికి మాతో చేరింది.

గుంటూరు వైపు నుంచి, డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో కూతురి దగ్గరికి వచ్చిన మామ్మగారు మాకు కథలు చెప్పడానికి ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు పెట్టారు. "మా పిల్లదానికి ఇప్పుడు సగం అర్థమవుద్ది, సగం కాదు. పెద్దయ్యాక అదే వినుద్ది. అందాకా దాచిపెట్టే పూచీ మీదే అమ్మాయ్," అన్నారు. దాచిపెట్టడమే మా పని కదండీ అన్నాను. రికార్డింగ్ రోజున మందంగా స్పాంజి పలకలు అతికించిన గదిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, మేమంతా ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడ్డాం. మామ్మగారు రెండు వాక్యాలు చెప్పి ఆగారు. మేం తలలూపాం. ఇంకో వాక్యం చెప్పి మళ్ళీ ఆగారు. ఒంట్లో బాగాలేదేమోనని ప్రొఫెసరమ్మ మంచినీళ్ళు తెప్పించింది. "నాకేం కాలా. ఊ కొట్టేవాళ్ళు లేకుండా కథెట్టా సాగుద్ది? ఈ గోడలకి చెప్పుకోనా?" అన్నారావిడ. కరీంనగర్ అమ్మాయి ఒప్పుకోలేదు. "మధ్యల ఎవరన్న ఊ అంటే ట్రాక్ ఖరాబైతది మేడమ్," అంది. వాదన చాలాసేపు నడిచింది. చివరికి మనవరాలిని ఆవిడ పక్కన కూర్చోబెట్టాం. పిల్ల కాసేపు ఊ కొట్టి బొమ్మలో పడిపోతే నేను అందుకున్నాను. తర్వాత ఒక్క ముక్క తెలుగు రాని ప్రొఫెసరమ్మ, మామ్మగారి ముఖమే చూస్తూ, సరిగ్గా ఆగినచోటల్లా ఊ అనడం మొదలుపెట్టింది. "ఈవిడే నయం. అర్థం కాకపోయినా శ్రద్ధగా వింటంది," అని మామ్మగారు నన్ను చూసి నవ్వారు.

కరీంనగర్ అమ్మాయి గట్టిది. మామ్మగారి గొంతు ఒక ఫైలులోనూ, ఊ కొట్టిన గొంతులన్నీ ఇంకో ఫైలులోనూ పడేలా ప్రోగ్రాం రాసేసింది. "ఇది చెత్త ఫైల్ మేడమ్, డిలీట్ చేసేదా?" అంటే, సరదాగా ఉంటుంది, నాకియ్యి అని సీడీలో వేయించుకున్నాను. వెబ్‌సైట్ తెరిచాం, కేక్ కోశాం, చప్పట్లు కొట్టాం. తర్వాత ఆ అమ్మాయికి సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది, ప్రొఫెసరమ్మ రిటైరయింది, ప్రాజెక్టు గడువు తీరింది. కొన్నేళ్ళకి పాత సర్వర్ తీసేశారు. అసలు కాపీ కంప్యూటర్ వాళ్ళ దగ్గరుందని మేమూ, లైబ్రరీలో ఉందని వాళ్ళూ, మా దగ్గరుందని లైబ్రరీ వాళ్ళూ అనుకున్నాం. అంతమంది కలిసి పనిచేశాం కనక, దాచే పని ఎవరిదీ కాకుండా పోయింది. సంగతి తెలిసిన రోజే సన్నీవేల్‌కి ఫోన్ చేస్తే కరీంనగర్ అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. "సర్వర్ల ఉన్నయ్ గద అనుకున్న మేడమ్," అంది. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

మొన్న శనివారం సాయంత్రం ఆ సీడీ వెతికి తీసి, పాత లాప్‌టాప్‌లో పెట్టాను. నిశ్శబ్దం. ఒక ఊ. మళ్ళీ నిశ్శబ్దం. కథ ఉండాల్సిన చోటంతా ఖాళీ. నా ఊ, ప్రొఫెసరమ్మ ఒద్దికైన ఊ, ఒకచోట మైమరచి కరీంనగర్ అమ్మాయి అన్న ఊ కూడా. అన్నిటికంటే ముందు, ముందు పళ్ళు లేని నోటితో ఆ ఆరేళ్ళ పిల్ల ఊ. ఒకసారి ఆత్రంగా "ఆ తర్వాత?" అంది కూడా. నాకు ఏడుపొచ్చింది.

కథలు పోయాయని పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పి ఆ ఫైలు పంపాను. గంటకి ఫోన్ చేసింది. "ఆంటీ, దట్స్ మీ, కదా? నేను ఏ కథకి ఊ అంటున్నాను?"

"సగమే గుర్తుందమ్మా. మీ అమ్మమ్మలా చెప్పలేను."

"సగం చెప్పండి."

అలసిపోయి ఉన్నాను. అయినా గుర్తున్న మొదటి వాక్యం చెప్పి, తర్వాతది అందక ఆగాను. అటువైపు నుంచి, ఎవరూ అడగకుండానే, "ఊఁ" అని వినిపించింది. ఆరేళ్ళ పిల్ల కాలేజీ పిల్ల కావడానికి పట్టిన కాలమంతా, ఒక ఊకీ ఇంకో ఊకీ మధ్య కథ ఆగినంతసేపే అనిపించింది.